పండు తినేశారు, కళాఖండం మాత్రం పోలేదు

2024 నవంబర్ 20న న్యూయార్క్‌లో, సదబీస్ వేలంశాల బయట ఉన్న పండ్ల బండి మీద ఒక అరటిపండు కొన్నారు. 35 సెంట్లు. ఆ సాయంత్రమే దాన్ని బూడిదరంగు టేపు ముక్కతో గోడకు అంటించి వేలానికి పెట్టారు. ఫీజులతో కలిపి 62 లక్షల 40 వేల డాలర్లు పలికింది, మన లెక్కలో 50 కోట్ల పైమాటే. పాడుకున్నది జస్టిన్ సన్ అనే క్రిప్టో వ్యాపారి. తొమ్మిది రోజుల తర్వాత హాంగ్‌కాంగ్‌లో విలేకరులను పిలిచి, వాళ్ల కళ్లముందే పండు ఒలుచుకుని తినేశాడు.

వార్త మన వాట్సాప్ గ్రూపులకూ వచ్చింది. మా గ్రూపులో ఒకాయన "డజను అరవైకి ఇస్తా, టేపు ఫ్రీ" అని పెట్టాడు. అందరం నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక ఒక అనుమానం మిగిలింది. పండు కడుపులోకి పోయాక ఆ మనిషి దగ్గర ఉన్నదేమిటి? యాభై కోట్లు నమిలి మింగేశాడా? లేదు. ఆయన కొన్నది ఏదైతే ఉందో అది భద్రంగానే ఉంది. ఈ ఒక్క ముడి విప్పుకుంటే ఈ శతాబ్దపు కళలో సగం అర్థమవుతుందని నా నమ్మకం. మిగతా సగం అర్థం కాకపోయినా, మనల్ని ఎక్కడ బురిడీ కొట్టిస్తున్నారో, ఎక్కడ కొట్టించడం లేదో పోల్చుకోవచ్చు.

ఆ పని, అంటే ఆ కళాకృతి, పేరు 'కమెడియన్'. చేసింది మౌరిజియో కటెలాన్, ఇటలీవాడు. మొదట చూపించింది 2019 డిసెంబర్‌లో, ఆర్ట్ బాసెల్ మయామీ బీచ్ అనే కళల సంతలో. అమ్మకానికి మూడు ప్రతులు, ఆర్టిస్టు తన దగ్గర ఉంచుకునేవి మరో రెండు. మొదటి రెండూ లక్షా ఇరవై వేల డాలర్ల చొప్పున పోయాయి. గిరాకీ చూసి మూడోదానికి ధర పెంచారు. ఆ సంత ముగియకముందే డేవిడ్ దతూనా అనే పర్ఫార్మెన్స్ ఆర్టిస్టు (జనం ముందు తను చేసే చేతనే కళగా చూపేవాడు) నింపాదిగా వచ్చి, గోడ మీది పండు తీసుకుని తినేశాడు. గ్యాలరీ వాళ్లు లబోదిబోమనలేదు. ఇంకో పండు తెచ్చి అంటించారు. 2023లో సియోల్‌లోని లీయమ్ మ్యూజియంలో ఒక విద్యార్థి ఆకలేసిందని తిని, తొక్కను మాత్రం మర్యాదగా టేపుతో మళ్లీ గోడకు అతికించి వెళ్లాడు.

కొన్నవాళ్లకు దక్కేది ఒక సర్టిఫికెట్, దాంతోపాటు పండును ఎలా అంటించాలో చెప్పే సూచనలు. న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియానికి విరాళంగా వచ్చిన ప్రతితో 14 పేజీల సూచనలు వచ్చాయి. వారం పది రోజులకోసారి పండు మార్చుకోవాలి. ఏ బజారులో కొన్నారన్నది ఎవరికీ పట్టదు.

బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం చూసినవాళ్లకు ఇది మరీ వింతగా అనిపించకూడదు. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట 2024లో 30 లక్షల వెయ్యికి చేరింది. అందులో శనగపిండి ఎంత, నెయ్యి ఎంత అని ఎవరూ లెక్క కట్టరు. పాడుకున్నవాళ్లు లడ్డూను అద్దాల బీరువాలో దాచుకోరు. పదిమందికి పంచుతారు, పొలంలో చల్లుకుంటారు. లడ్డూ అయిపోయినా 'ఆ ఏడు పాడింది ఫలానా ఆయన' అన్న పేరు అయిపోదు. కాకపోతే ఒక తేడా ఉంది, కిటుకంతా ఆ తేడాలోనే ఉంది. నిరుడు పాడుకున్న లడ్డూను ఈ ఏడు ఇంకొకరికి అమ్ముకోలేం. కటెలాన్ కాగితాన్ని అమ్ముకోవచ్చు. పట్టాదారు పాస్‌బుక్కులాగా అది చేతులు మారుతుంది, పిల్లలకు వారసత్వంగా వస్తుంది. జస్టిన్ సన్ పాడింది దాన్ని. పండు తిన్నది పేపర్లో పడటానికి.

చుక్కల లెక్క

ఈ పద్ధతి కటెలాన్ కనిపెట్టిందేమీ కాదు. అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ 1967లోనే ఒక వ్యాసంలో, ఆలోచనే ఒక యంత్రమై కళను తయారుచేస్తుందని తేల్చేశాడు. ఆ మరుసటి ఏడాది నుంచి గోడబొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. చాలావాటిని వేశాడనడం కంటే వేయించాడనడం సబబు. ఏ గీత ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఏ రంగుతో, ఎంత ఎడంతో అని రాసి ఇచ్చేవాడు. మనుషులు నిచ్చెనలెక్కి రోజుల తరబడి గీసేవారు. ఆ బొమ్మ ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవాలంటే పాత గోడకు రంగు కొట్టేసి, కొత్త గోడ మీద మళ్లీ గీయడమే. లెవిట్ 2007లో పోయాడు. ఆయన గోడబొమ్మలు మాత్రం ఇప్పటికీ కొత్త కొత్త గోడల మీద పుడుతూనే ఉన్నాయి.

సంక్రాంతి ముందు వారపత్రికల్లో వచ్చే ముగ్గుల పేజీని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బొమ్మ కింద ఒకే ఒక్క లైను ఉంటుంది: '15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క'. తెలిసినవాళ్లకు అది చాలు. మధ్య వరసలో పదిహేను పెట్టి, పైకీ కిందికీ ఒక్కోటి తగ్గించుకుంటూ ఎనిమిది దగ్గర ఆపాలి. సందు చుక్క అంటే ఒక వరస చుక్క పక్క వరసలోని రెండు చుక్కల నడిమి సందులో పడాలి. ఆ లైను పట్టుకుని గుంటూరులో ఒకావిడ, కరీంనగర్‌లో ఇంకొకావిడ, న్యూజెర్సీలో చాక్‌పీసుతో వాకిలి ముందు సిమెంటు మీద మరొకావిడ వేసినా అది ఒకే ముగ్గు. వీటిలో ఒరిజినల్ ఏది అని మా అమ్మను అడిగితే నా వైపు జాలిగా చూస్తుంది. తెల్లారితే చీపురు పడుతుంది, కళ్లాపి చల్లుతారు, ఇంకో ముగ్గు వస్తుంది.

లెవిట్‌కు మన ముగ్గులు తెలుసని నేను అనడం లేదు. వస్తువు చెరిగిపోయినా పని మిగిలి ఉండటం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతేనని మాత్రం అంటున్నాను. మట్టి వినాయకుణ్ని నిమజ్జనం చేసి ఇంటికొచ్చి హాయిగా భోజనం చేసే జనానికి అరటిపండు కుళ్లిపోవడం ఒక లెక్కా? మనకు నిజంగా కొత్తది ఇంకొకటి. ముగ్గు లైనును ఎంతమందైనా వేసుకోవచ్చు. కటెలాన్ పండును కూడా మీరు ఇవాళే ఇంట్లో అంటించుకోవచ్చు, ఎవరూ వచ్చి ఆపరు. కానీ అది 'కమెడియన్' కాదు. అరటిపళ్లకు లోకంలో కొరత లేదు, టేపుకీ లేదు. కొరత ఉన్నది ఆ కాగితానికి. దాన్ని చేతులారా తయారుచేశారు.

మూలం వెతికితే 1917 దగ్గర తేలుతాం. ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ దుషాంప్ పింగాణీ మూత్రపాత్ర ఒకటి కొని, దాని మీద 'ఆర్. మట్' అని సంతకం పెట్టి, 'ఫౌంటెన్' అని పేరుపెట్టి న్యూయార్క్‌లో ఒక ప్రదర్శనకు పంపాడు. నిర్వాహకులు చూపించలేదు. అసలు పాత్ర పోయింది. ఇవాళ పెద్ద మ్యూజియాల్లో ఉన్నవి చాలావరకు 1964లో ఆయన అనుమతితో చేసిన నకళ్లు. నకలును చూడటానికి జనం టికెట్టు కొనుక్కుని వెళ్తున్నారంటే, చూస్తున్నది పింగాణీని కాదన్నమాట.

కాగితం కూడా అక్కర్లేదనే మనిషి ఒకాయన ఉన్నాడు, టీనో సెగల్. చదివింది ఎకనామిక్స్, నేర్చింది నాట్యం. 2010లో గుగెన్‌హైమ్‌లోని మెలికల దారి గోడల మీదున్న బొమ్మలన్నీ తీసేయించి ఖాళీగా ఉంచాడు. లోపలికి అడుగుపెట్టగానే ఒక చిన్నపిల్ల ఎదురొచ్చి, ప్రగతి అంటే ఏమిటని మిమ్మల్ని అడుగుతుంది. మాట్లాడుతూ పైకి నడుస్తుంటే ఆ పిల్ల మిమ్మల్ని ఒక కాలేజీ కుర్రాడికి అప్పగిస్తుంది. అతను ఒక నడివయసు మనిషికి, ఆ మనిషి ఒక పెద్దాయనకు. పైకి చేరేసరికి మాట ఆగిపోతుంది. అంతే ఆ పని. ఫొటోలు తీయనివ్వరు. మ్యూజియాలు ఆయన పనుల్ని కొంటాయి కూడా. నోటరీ, సాక్షులు కూర్చుంటారు. సెగల్ షరతులు చెబుతాడు, కొనేవాళ్లు విని ఒప్పుకుంటారు. ఒక్క అక్షరం రాసుకోరు. ఆ పనిని ఎలా జరిపించాలో నేర్చుకున్న మనుషుల తలల్లోనే అది ఉంటుంది. మన పల్లెల్లో ఒకప్పుడు పెద్దమనుషుల ముందు నోటిమాట మీద ఎకరాలు చేతులు మారేవి. ఆ మాట మీద నిలబడటానికి ఊరంతా సాక్షి. ఇక్కడ ఆ ఊరు స్థానంలో మ్యూజియం ఉంది.

ఇజాలు ఏమైనట్టు

మన దగ్గర అర్థంకాని బొమ్మ ఏది కనిపించినా 'మోడర్న్ ఆర్ట్' అనేస్తాం. గోడ మీద పిల్లాడు గీసిన పిచ్చిగీతలకూ అదే పేరు. అసలు మోడర్న్ ఆర్ట్ అంటే దాదాపు మన తాతల, ముత్తాతల కాలం నాటి మాట. క్యూబిజం, ఫ్యూచరిజం, సర్రియలిజం, ఇవన్నీ అందులోవి. ఒక్కో ఇజానికీ 'మా దారి ఇదీ' అనే ఒక ప్రకటన, కొన్ని తిట్లు, కొద్దిమంది మిత్రులు, వాళ్లు కూర్చునే ఒక కాఫీ హోటలు ఉండేవి. ఫ్యూచరిస్టుల ప్రకటన 1909లో పారిస్ దినపత్రిక మొదటి పేజీలో అచ్చయింది. సర్రియలిస్టులది 1924లో. మనకూ ఆ ముచ్చట తెలియనిది కాదు. దిగంబర కవులు 1965లో తమ మొదటి సంపుటిని హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఇవాళ ఎవరైనా అదే పని చేస్తే దాన్ని పర్ఫార్మెన్స్ ఆర్ట్ అంటారు.

2000 తర్వాత ఆ బాపతు ఇజాలు నిలబడలేదు. ప్రయత్నాలు లేక కాదు. జపాన్ కళాకారుడు తకాషి మురకామి కార్టూన్లనూ, పాత జపాన్ బొమ్మల్నీ కలిపి 'సూపర్‌ఫ్లాట్' అన్నాడు, అది చాలావరకు ఆయన దుకాణం పేరుగానే మిగిలింది. నికోలా బూరియో అనే ఫ్రెంచి విమర్శకుడు 2009లో లండన్‌లోని టేట్ బ్రిటన్ మ్యూజియంలో 'ఆల్టర్‌మోడర్న్' అని ఒక పెద్ద ప్రదర్శన పెట్టాడు, ప్రదర్శనతోపాటే పేరూ మూసుకుంది. 2014 ప్రాంతంలో ఒకేరకం నైరూప్య చిత్రాలు కొని, నెలల్లో తిప్పి అమ్ముకునే జాతర ఒకటి నడిచింది. వాల్టర్ రాబిన్సన్ అనే విమర్శకుడు దానికి 'జాంబీ ఫార్మలిజం', అంటే శవంలా లేచి తిరిగే పాత రూపవాదం, అని పేరు పెట్టాడు. తిట్టుగా పెట్టిన పేరు కాబట్టి అదొక్కటే సరిగ్గా అతికింది.

కారణం ఏమిటంటే, ఇజం నడవాలంటే ఒక ఊరు కావాలి. పారిస్ అలాంటి ఊరు, తర్వాత న్యూయార్క్ కొంతకాలం. ఇప్పుడు ఆ ఊరు లేదు. ఘనాలోనో, కొలంబియాలోనో, కొచ్చిలోనో ఉన్న కళాకారులు ఒకరి కోసం ఒకరు ఎదురుచూడాల్సిన పని లేదు. వాళ్లను కలిపేది ప్రకటన కాదు, రెండేళ్లకో ఐదేళ్లకో జరిగే బియెనాలేల లాంటి పెద్ద కళాప్రదర్శనలు, వాటికి పనుల్ని ఏరే క్యూరేటర్లు. జర్మనీలోని కాసెల్ పట్నంలో 1955 నుంచి జరుగుతున్న డాక్యుమెంటా అనే కళాప్రదర్శనకు 2002లో నైజీరియాలో పుట్టిన ఒక్వీ ఎన్వెజోర్ సారథ్యం వహించాడు. యూరప్ బయటి మనిషికి ఆ పని దక్కడం అదే మొదలు. చర్చావేదికల్లో ఒకదాన్ని ఆయన ఢిల్లీలో పెట్టాడు. ఇరవై ఏళ్లకు, 2022లో, ఇండోనేషియాకు చెందిన రువాంగ్రుపా అనే బృందం చేతికి డాక్యుమెంటా వెళ్లింది. వాళ్లు ఎంచుకున్న మాట 'లుంబుంగ్', అంటే ఊరందరి ఉమ్మడి ధాన్యపు గాదె. మిగులు ధాన్యం అందరూ అందులో పోసినట్టు, వచ్చిన డబ్బునూ చోటునూ బృందాలన్నీ పంచుకోవాలన్నది ఆలోచన. ఎంత మంచిగా ఉంది వినడానికి! ప్రదర్శన మొదలైన కొద్ది రోజులకే, అందులోని ఒక పెద్ద బ్యానర్‌లో యూదులను కించపరిచే బొమ్మలున్నాయని గొడవై, దాన్ని దించాల్సి వచ్చింది. ఉమ్మడి గాదెలో పురుగు పడితే జవాబు ఎవరు చెప్పాలన్నది అక్కడ ఎవరికీ తేలలేదు.

మోకాళ్ల దాకా సముద్రం

బియెనాలే అంటే మనకు దగ్గరది కొచ్చి. బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు మలయాళీ కళాకారులు మొదలుపెట్టారు. 2012లో తేదీని కూడా ముచ్చటగా 12-12-12 చూసుకుని తెరిచారు. ఫోర్ట్ కొచ్చిలో మిరియాల వ్యాపారం నాటి పాత గోదాముల్లో, సముద్రం ఒడ్డున ఉన్న ఆస్పిన్‌వాల్ హౌస్‌లో జరుగుతుంది. చేపల వాళ్లు, ఆటోడ్రైవర్లు, యూనిఫారాల్లో బడిపిల్లలు, అందరూ వస్తారు. గ్యాలరీ అంటే చెప్పులు విప్పాలేమోనని భయపడే నాలాంటి వాళ్లకు ఆ చోటు కాస్త ఊపిరాడనిస్తుంది.

2016 డిసెంబర్‌లో మొదలైన మూడో బియెనాలేలో మాత్రం చెప్పులు నిజంగానే విప్పాల్సి వచ్చింది. పెద్ద గోదాము నిండా నీళ్లు నిలిపారు, సముద్రపు నీళ్లు. ప్యాంటు పైకి మడిచి, చెప్పులు చేత పట్టుకుని దిగాలి. పక్క గోడల మీద అక్కడక్కడా చిన్న చిన్న ప్రశ్నలు. నీకు వినపడటం లేదా, నీకు కనపడటం లేదా అన్న ధోరణిలో. చదవాలంటే నడవాలి, నడిస్తే నీళ్లు చప్పుడు చేస్తాయి. చివరి గోడ దగ్గరికి చేరితే గాని అసలు సంగతి తెలియదు. 2015లో టర్కీ తీరానికి కొట్టుకొచ్చిన సిరియా పసివాడు అలన్ కుర్దీ ఫొటో లోకమంతా చూసింది. అదే పడవ ప్రమాదంలో వాడి అన్న గాలిప్ కూడా పోయాడు. వాడి ఫొటో అలా లోకానికి కనపడలేదు. ఆ గోడ మీది మాటలు లోకం చూడని ఆ పిల్లాడి కోసం రాసినవి. చేసింది రౌల్ సురీత, చిలీ దేశపు కవి, అక్కడి నియంత పినోచెట్ సైన్యం చేతుల్లో చెర అనుభవించిన మనిషి.

నా ముందు నడుస్తున్న ఒక మలయాళీ కుటుంబంలో చిన్నవాడు నీళ్లు తన్నుతూ కేరింతలు కొడుతున్నాడు. గోడ దగ్గర తల్లి చదవడం అయ్యాక వాణ్ని ఎత్తుకుంది. వెనక్కి రావడానికి వేరే దారి లేదు, మళ్లీ ఆ నీళ్లలోంచే రావాలి. ఆ పనిలో బొమ్మ లేదు, శిల్పం లేదు. నీళ్లు, కొన్ని మాటలు, మన కాళ్లు, అంతే. దీన్ని ఫొటో తీసి ఫోన్‌లో చూపిస్తే మా అన్నయ్య "గోడౌన్‌లోకి వరద వచ్చిందా?" అన్నాడు. తప్పు అతనిది కాదు. అక్కడ నడిస్తే తప్ప అది పని చేయదు.

ఇక్కడే నాకు తోచిన కొలబద్ద ఒకటి చెబుతాను. ఇలాంటి పని ఎదురైనప్పుడు 'ఇది ఏమిటి, దీన్ని కళ అంటారా' అని మొదలుపెడితే పేచీ తెగదు. 'దీనికి నా నుంచి ఏం కావాలి' అని అడిగితే దారి దొరుకుతుంది. సురీత పనికి మన కాళ్లు కావాలి. సెగల్ పనికి మన మాట కావాలి. 2010లో మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఏడు వందల గంటలకు పైగా కుర్చీలో కదలకుండా కూర్చుని, ఎదురు కుర్చీలోకి వచ్చినవాళ్ల కళ్లలోకి చూసింది. ఆ పనికి మన ఓపిక కావాలి. మరి కటెలాన్ అరటిపండుకో? దానికి మన వెక్కిరింత కావాలి. మా గ్రూపులో డజను అరవై అన్నాయన తనకు తెలియకుండానే అందులో ఒక పాత్ర వేశాడు. పేరే 'కమెడియన్' కదా. అది తెలివైన పనే. కానీ దాని దగ్గర ఉన్న సరుకంతా ఆ తెలివే, రెండోసారి చూస్తే ఇంకేమీ దొరకదు. కొచ్చి నీళ్లు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి.

కళ అనాలో వద్దో తేల్చుకోలేని పని ఇంకొకటి ఉంది. 2006లో ఇదే కాసెల్ పట్నంలో హాలిత్ యోజ్గత్ అనే టర్కీ మూలాల యువకుణ్ని అతని ఇంటర్నెట్ కేఫ్‌లోనే నియో-నాజీలు కాల్చి చంపారు. ఆ సమయంలో ఒక నిఘా అధికారి అక్కడ ఉన్నాడు. తుపాకీ చప్పుడు వినలేదు, శవం చూడలేదు అన్నాడు. ఫోరెన్సిక్ ఆర్కిటెక్చర్ అనే లండన్ బృందం ఆ కేఫ్‌ను అచ్చంగా అదే కొలతలతో కట్టి, చప్పుడు ఎంత దూరం వినిపిస్తుంది, అతని ఎత్తు మనిషి నిలబడితే బల్ల వెనక ఏం కనిపిస్తుంది అని ఒక్కోటీ పరీక్షించి, ఆ మాటలు నమ్మశక్యంగా లేవని తేల్చింది. ఫలితాన్ని 2017 డాక్యుమెంటాలో, అదే ఊళ్లో, వీడియోలుగా చూపించారు. మరుసటి ఏడాది ఆ బృందం బ్రిటన్‌లో కళకు ఇచ్చే టర్నర్ ప్రైజు తుది జాబితాలో నిలిచింది. పోలీసులు చేయాల్సిన పని ఆర్టిస్టులు చేయడమేమిటి అంటే, చేయాల్సినవాళ్లు చేయకపోవడమే అక్కడి కథ.

చేతులు ఎవరివి

ఆలోచనే యంత్రం అన్నాడు లెవిట్. మరి యంత్రం తిప్పే చేతుల సంగతి? 2010 అక్టోబర్‌లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో చైనా కళాకారుడు ఐ వేవే ఒక హాలు నేలంతా పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. చూడటానికి గింజలే. చేత్తో తీసుకుంటే పింగాణీ. పది కోట్ల గింజలు, 150 టన్నులు. శతాబ్దాలుగా చైనా రాజులకు పింగాణీ చేసిపెట్టిన జింగ్‌డెజెన్ పట్నంలో 1,600 మంది పనివాళ్లు వాటిని అచ్చుపోసి, కాల్చి, ఒక్కోదాని మీద నల్లచారలు కుంచెతో గీశారు. ఏ రెండూ ఒకేలా ఉండవు. మావోను సూర్యుడిగా, జనాన్ని ఆయన వైపు తిరిగే పొద్దుతిరుగుడు పూలుగా చూపిన పోస్టర్ల కాలంలో పెరిగినవాడు ఐ వేవే. లేమి రోజుల్లో జనం చేతిలో చేయి పెట్టి పంచుకు తిన్నదీ ఆ గింజలే.

మొదట జనాన్ని వాటి మీద నడవనిచ్చారు, పడుకోనిచ్చారు. కొద్ది రోజులకే ఆపేశారు. తొక్కుతుంటే లేచే పింగాణీ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదని. తాడు కట్టి దూరం నుంచి చూడమన్నారు. చూసేవాళ్ల ఊపిరితిత్తుల గురించి వెంటనే జాగ్రత్తపడ్డారు, మంచిదే. చేసినవాళ్ల గురించిన ప్రశ్న నా మనసులో అలాగే ఉండిపోయింది. అయినా ఈ పనిని నేను తీసిపారేయలేను. మేడిన్ చైనా అన్న మాట వెనక ఎంతమంది ఉంటారో ఒక్క చూపులో కనపడేలా చేసిన పని ఇంకొకటి నాకు తెలియదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో చైనా ప్రభుత్వం ఐ వేవేను పట్టుకుపోయి 81 రోజులు నిర్బంధంలో ఉంచింది.

ఇంత చెప్పానని వస్తువుకు కాలం చెల్లిందనుకోకండి. సూర్యాపేటలో పుట్టి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జి. రవీందర్ రెడ్డి చేసిన ఆడవాళ్ల తలలు చూడండి. ఫైబర్‌గ్లాస్‌తో మనిషికంటే ఎత్తు, బంగారు పూత, కాటుక దిద్దిన పెద్ద పెద్ద కళ్లు, కొప్పు నిండా పూలు. గ్రామదేవత చూపు, బస్టాండులో పక్కన నిలబడిన అక్క ముఖం రెండూ అందులో కనిపిస్తాయి. సర్టిఫికెట్ చదివే పని లేదు. మీరు దాన్ని చూసేలోపే అది మిమ్మల్ని చూస్తుంది. అలాగే ఘనాలో పుట్టి నైజీరియాలో పనిచేసిన ఎల్ అనట్సుయి మందుసీసాల మూతలు వేలకు వేలు చదునుచేసి, రాగితీగతో కుట్టి, గోడంత బట్టలు చేస్తాడు. దూరం నుంచి జరీ చీర కుచ్చిళ్లు, దగ్గరికి వెళ్తే సారా కంపెనీల పేర్లు. ఆఫ్రికాకు మద్యం ఏ ఓడల్లో వచ్చిందో, తిరుగు ప్రయాణంలో ఏ సరుకు పోయిందో తెలిసినవాళ్లకు ఆ మూతలు ఊరికే మెరవవు. వాటిని ఎలా వేలాడదీయాలో ఆయన చెప్పడు. మ్యూజియం వాళ్లనే మడతలు పెట్టుకోమంటాడు. సూచనల్లో ఇది లెవిట్‌కు పూర్తిగా ఎదురు దారి, నాకు ఎక్కువ నచ్చే దారి.

పోర్టల్‌కు ఎక్కిన కాగితం

2021 మార్చిలో బీపుల్ అనే పేరుతో పనిచేసే మైక్ వింకల్‌మన్ రోజుకొకటి చొప్పున చేసిన 5,000 కంప్యూటర్ బొమ్మల కూర్పును క్రిస్టీస్ వేలంశాల వాళ్లు 6 కోట్ల 93 లక్షల డాలర్లకు అమ్మారు. కొన్నది సింగపూర్‌లో ఉండే తమిళుడు విఘ్నేశ్ సుందరేశన్. ఆ బొమ్మను నేనూ మీరూ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆయన కొన్నది ఎన్‌ఎఫ్‌టీ, అంటే ఇది ఫలానావారిదని చెరపలేని కంప్యూటర్ చిట్టాలో ఒక ఎంట్రీ. కటెలాన్ కాగితమే తెలంగాణలో ఒకప్పటి ధరణిలాంటి భూరికార్డుల పోర్టల్‌కు ఎక్కిందనుకోండి. ఏడాది రెండేళ్లు అందరూ ఎగబడ్డారు, తర్వాత ఆ బజారు కుప్పకూలింది.

ఆ బజారు మీద నాకు తెలిసిన అతి చురుకైన వ్యాఖ్య బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్స్ట్ చేసింది, అదీ లాభం చూసుకుంటూనే. రంగుచుక్కలు పెట్టిన పది వేల కాగితాలు, ఒక్కోదానికి ఒక ఎన్‌ఎఫ్‌టీ, ధర 2,000 డాలర్లు. కొన్నవాళ్లకు ఒక ఏడాది గడువు. కాగితం కావాలంటే డిజిటల్‌ది రద్దవుతుంది, డిజిటల్‌ది కావాలంటే కాగితాన్ని తగలబెడతారు. 5,149 బొమ్మల విషయంలో కాగితమే కావాలన్నారు. మిగతా 4,851 చుక్కల కాగితాలను 2022లో లండన్‌లోని తన గ్యాలరీలో పొయ్యిల్లో వేసి కాల్చడం మొదలుపెట్టాడు. వస్తువా, హక్కా అన్న ఈ వ్యాసం మొత్తం ఆ లెక్కలో ఉంది. జనం దాదాపు సగానికి సగం చీలిపోయారు.

మళ్లీ ఆ పండ్ల బండి దగ్గరికి వెళ్దాం. వేలంలో పెట్టిన అరటిపండును అమ్మింది బంగ్లాదేశ్ నుంచి వలస వచ్చిన ఒక పెద్దాయన, వయసు డెబ్బై దాటింది. తన పండు ఏమైందో ఆయనకు తెలియదు. కొద్ది రోజులకు ఒక విలేకరి వెళ్లి ఎంతకు పోయిందో చెబితే ఏడ్చాడని పత్రికలు రాశాయి. ఆ వార్త చదివి జస్టిన్ సన్, అదే బండి దగ్గర లక్ష అరటిపళ్లు కొని ఉచితంగా పంచుతానని ప్రకటించాడు. బండి ఆ పెద్దాయనది కాదు. ఆయన అక్కడ గంటకు 12 డాలర్ల జీతగాడు. లక్ష పండ్లు అమ్ముడైనా మిగిలేది ఓనరుకే. బండి మీద ధర మాత్రం మారలేదు. విడిగా అయితే 35 సెంట్లు, నాలుగు తీసుకుంటే డాలరు.